టైగర్‌కు లోహపు ట్రాక్‌లు: 1/35 వైట్ మెటల్ సెట్ రివ్యూ

రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు టైగర్ 1కు, ట్రాక్‌ను (చక్రాల చుట్టూ తిరిగే పట్టాను) పైవైపు మోసే చిన్న చక్రాలు, అంటే రిటర్న్ రోలర్లు లేవు. ముందున్న స్ప్రాకెట్ (ట్రాక్‌ను లాగే పళ్ల చక్రం) దాటగానే ట్రాక్ నేరుగా చక్రాల నెత్తిన వాలిపోతుంది. ఆ వాలు కనిపించకపోతే మోడల్ ఎంత శుభ్రంగా కట్టినా బొమ్మే. కిట్‌తో వచ్చే వినైల్ బెల్టు గాలిలో బిగదీసుకుని నిలబడుతుంది, దాన్ని అదిమిపెట్టి అతికించాల్సిందే. వైట్ మెటల్ (మెత్తని, బరువైన మిశ్రలోహం) లింకులైతే, అంటే ట్రాక్‌గా కూర్చే విడి ముక్కలైతే, సొంత బరువుకే కుంగుతాయి. ఈ సెట్‌కు పెట్టే డబ్బు ఆ ఒక్క వంపు కోసమే.

కొనేముందు బండి ఏ కాలానిదో తేల్చుకోవాలి. 1943 అక్టోబరు నుంచి లింకు ముఖం మీద జారకుండా చిన్న గట్లు పోతపోశారు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్‌వాళ్లకు చిక్కి, ఇప్పుడు బోవింగ్టన్ మ్యూజియంలో ఉన్న 131 నంబరు టైగర్ లాంటిది కడుతుంటే నున్నటి లింకులే కావాలి. పెట్టె మీద 'టైగర్' అని మాత్రమే చూసి కొంటే ఇక్కడే బోల్తా పడతారు. రైలు ప్రయాణానికి వాడిన 520 మి.మీ. సన్న ట్రాక్ మరో రకం. అది వేస్తే బయటి వరస చక్రాలు కూడా తీసేయాలి.

ఇక కొలతలు. అసలు ట్రాక్ వెడల్పు 725 మి.మీ., లింకు నుంచి లింకుకు 130. మోడల్ అసలు దానిలో 35వ వంతు కాబట్టి 35తో భాగిస్తే 20.7, 3.7 మి.మీ. వెర్నియర్ పెట్టి చూస్తే ఈ లింకులు ఆ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి. పక్కకు 96 చొప్పున 192 కావాలి. పోత సరిగా రానివి ఏరేసినా సరిపోయేటన్ని అదనంగా ఇచ్చారు. ట్రాక్ చక్రాల నుంచి పక్కకు జారకుండా ఆపే గైడ్ కొమ్ముల అంచులు పదునుగా వచ్చాయి. పోత అతుకు గీత మాత్రం ప్రతి లింకుకూ ఉంది, సన్న ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్దితే పోతుంది. వైట్ మెటల్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి ఆ పొడి పీల్చకుండా మాస్కు వేసుకోవాలి, చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

అసలు శ్రమంతా పిన్ను రంధ్రాలది. సగానికి పైగా లింకుల్లో రంధ్రం లోపల లోహం పేరుకుని మూసుకుపోయి ఉంది. లింకులను కలిపే పిన్నుగా ఇచ్చిన తీగ 0.5 మి.మీ. కాబట్టి చేతి డ్రిల్‌లో 0.55 బిట్ పెట్టి, రెండు వైపుల నుంచీ సగం సగం తొలవాలి. ఒకే వైపు నుంచి పూర్తిగా తోస్తే బిట్ వంకరపోయి లింకు పక్క నుంచి పొడుచుకొస్తుంది. బిట్‌కు కాస్త మైనం రాస్తే పట్టేయదు. అయినా రెండు మూడు బిట్లు విరుగుతాయి, ముందే తెచ్చిపెట్టుకోండి. తీగను లింకు వెడల్పు కంటే ఒక మి.మీ. తక్కువగా కత్తిరించి, బయటి చివర సూది మొనతో చుక్కంటే చుక్కే సూపర్ గ్లూ పెట్టాలి. ఎక్కువైతే జిగురు కీలులోకి పాకి ఆ రెండు లింకులూ ఒక్కటైపోతాయి. పది లింకులకోసారి వంచి చూసుకుంటే తప్పు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. 96 అయ్యాక వెతకడం నరకం.

నల్లబరిచే ద్రావణంలో ముంచేముందు ట్రాక్‌ను సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి తోమి ఆరనివ్వాలి. మచ్చలు పడ్డాయంటే ద్రావణాన్ని తిట్టుకోనక్కర్లేదు, అది జిడ్డో జిగురో అంటిన చోటు. ప్లాస్టిక్ డబ్బా, చేతికి తొడుగులు తప్పనిసరి. నల్లబడగానే తీసి ధారగా నీళ్లతో కడగాలి. ఎక్కువసేపు వదిలేస్తే ఉపరితలం మీద మసిలాంటి పొర కడుతుంది, వేలికి రాలుతుంది.

బిగించేటప్పుడు రెండు చిక్కులు. కిట్ స్ప్రాకెట్‌ను దాని బెల్టు కొలతకే చేసి ఉంటారు, అందుకే కొన్ని కిట్లలో లోహపు లింకు పంటి మధ్యలో కూర్చోకుండా మొన మీదికి ఎక్కుతుంది. పళ్ల పక్కలు కొద్దిగా అరగదీస్తే దారికొస్తుంది. ఎత్తు మాత్రం తగ్గించొద్దు, పన్ను పొట్టిదై కనిపిస్తుంది. రెండోది బరువు. ఐడ్లర్ (వెనక చివర ట్రాక్ చుట్టి తిరిగే చక్రం) ఇరుసునూ చక్రాలను మోసే చేతులనూ అతికించి, ఒక రోజంతా ఆరాకే ట్రాక్ ఎక్కించాలి. పచ్చి అతుకైతే ఐడ్లర్ లోపలికి వాలిపోతుంది. ఐడ్లర్ కదిలేలా ఉన్న కిట్ అయితే అదృష్టమే, ఒక లింకు తీయాలా ఉంచాలా అనేది అక్కడే తేలుతుంది.

అమెరికన్ ట్యాంకు షెర్మన్‌కు ఇలాంటి సెట్ కొనడం దండగ. దాని ట్రాక్ ఎలాగూ బిగువుగానే ఉంటుంది. ప్లాస్టిక్ విడి లింకులు చవక, రంధ్రాల గొడవ లేదు, కానీ వంపును చేత్తో దిద్దాలి.

చివరి మెరుగు 1000 నంబరు గరుకు కాగితంతో. నేలకు తగిలే అడ్డ పట్టీల మీద రుద్దితే నలుపు పోయి అసలు లోహమే మెరుస్తుంది, వెండి రంగు పూయాల్సిన పనే లేదు. లోపలి వైపు మాత్రం ఆగాలి. తొలి టైగర్ల చక్రాలకు రబ్బరు టైర్లు, వాటి దారి మసక నునుపుగానే ఉంటుంది. తళతళలాడే చారలు 1944లో వచ్చిన ఉక్కు అంచు చక్రాలవి.