కౌలాలంపూర్‌లో దిగిన రోజు: తిరుపతి నుంచి గ్రూప్ టూర్ ఎలా ఉందంటే

మన తిరుపతి నుంచి గ్రూప్‌లో మలేషియా వెళ్లాలనుకునేవాళ్లు, దిగిన రోజు గది ఎన్ని గంటలకు ఇస్తారో ముందు అడగండి, హోటల్ స్టార్ల సంగతి తర్వాత. మాకిచ్చిన కాగితంలో మొదటి రోజుకి "రాక, సిటీ టూర్" అని ఒక్క లైనే ఉంది.

సాయంత్రం టెంపో ట్రావెలర్ ఎక్కి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టు చేరి, అర్ధరాత్రి ఫ్లైటు పట్టుకుంటే నాలుగు గంటల్లో కౌలాలంపూర్. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి ఆ రాత్రికి నిద్ర లేనట్టే. 2023 డిసెంబరు నుంచి మనకు వీసా అక్కర్లేదు కానీ, వెళ్లే ముందు మూడు రోజుల్లోపల అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. పెద్దవాళ్లవన్నీ ట్రావెల్స్ కుర్రాడే నింపి ప్రింట్లు చేతికిచ్చాడు, ఆ పని మాత్రం శుభ్రంగా చేశాడు. టెర్మినల్ 2లో ఇమ్మిగ్రేషన్ దాకా నడక బాగా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ చెప్పేయండి.

ఎయిర్‌పోర్టు ఊరికి యాభై కిలోమీటర్ల పైనే. రోడ్డు పక్కన ఎటు చూసినా పామాయిల్ తోటలు. గది అప్పుడే ఇవ్వరు కాబట్టి మధ్యలో పుత్రజయలో దించారు. అక్కడ గులాబీ రంగు మసీదు, దాని పక్కనే ఆకుపచ్చ గుమ్మటంతో ప్రధాని ఆఫీసు, ముందు పెద్ద చెరువు, అదీ తవ్వించిందే. మసీదులోకి వెళ్లాలంటే ఆడవాళ్లకి ఒంటినిండా కప్పుకునే గౌను వాళ్లే ఇస్తారు. నిజానికి చాలా బాగుంది, కళ్లు మూతలు పడుతుంటే చూడాల్సింది కాదు. ఒకప్పుడు తోటలున్న నేల మీద ఊరు కట్టి 1999లో ప్రభుత్వాన్ని ఇక్కడికి మార్చారని గైడు చెప్పాడో లేదో, వెనక సీట్లో "మన అమరావతి ఎప్పటికవుతుందో" అని ఎవరో అన్నారు. ఇక చూడండి, ఆ గొడవ కౌలాలంపూర్ వచ్చేదాకా ఆగలేదు.

భోజనం బ్రిక్‌ఫీల్డ్స్‌లో, అంటే అక్కడి లిటిల్ ఇండియాలో. అరిటాకు వేసి వడ్డించారు. మనవైపు వాళ్లకి ఎంతోకొంత తమిళం వస్తుంది కదా, ఇక్కడ అది బాగా పనికొస్తుంది. ఏ ఊరని అడిగి, తిరుపతి అనగానే వడ్డించే పెద్దాయన సాంబారు బకెట్టు కింద పెట్టి దండం పెట్టాడు. తర్వాత మా టేబులుకి అప్పడాలు అడక్కుండానే వచ్చాయి. టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చిన సర్వీసు ఇదే.

అసలు పరీక్ష హోటల్లో. గదులు మూడింటికి గానీ ఇవ్వమన్నారు. తిరుపతి బస్టాండులో, టీటీడీ వసతి గృహం విష్ణునివాసం ముందు సామాన్లు పెట్టుకుని కూర్చునే భక్తుల్ని రోజూ చూసేవాళ్లమే, ఈసారి వంతు మాది. "తిరుమలలో గదులిచ్చే సీఆర్వో ఆఫీసు ముందు రూము కోసం కూర్చున్నట్టే ఉంది సామీ" అని పక్కనున్న అక్క నవ్వింది. ఆ నవ్వు కూడా టూరిజం ట్యాక్స్ మాట వచ్చేదాకానే. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి పది రింగిట్లు తీసుకుంటారు. అది అక్కడి రూలే, హోటల్ వాళ్లని అనేదేం లేదు, కానీ ప్యాకేజీ అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత రచ్చ ఉండేది కాదు. గది శుభ్రంగా ఉంది, ఏసీ చల్లగా ఉంది. ప్లగ్గులు మాత్రం లావు చదరపు పిన్నులవి, మన ఛార్జర్లు పట్టవు. అడాప్టర్ తిరుపతిలోనే కొనుక్కోండి.

రాత్రి పెట్రోనాస్ టవర్లు ప్యాకేజీలో లేవు, విడిగా కట్టాలన్నారు. మేం నలుగురం ఫోన్ యాప్‌లో గ్రాబ్ అనే ట్యాక్సీ పిలుచుకుని వెళ్లిపోయాం, వాళ్లు అడిగినదాంట్లో సగం కూడా కాలేదు, నగదు కూడా తీసుకుంటారు. 88 అంతస్తులు, 452 మీటర్లు, కింద నిలబడితే మెడ పట్టేస్తుంది. వెనక పార్కులో ఫౌంటెన్ల దగ్గర తీరిగ్గా కూర్చుని, ఐస్‌క్రీం తిని వచ్చాం. ట్రావెల్స్ బస్సులో వెళ్లినవాళ్లు మా తర్వాత చాలాసేపటికి వచ్చారు. దారిలో చాక్లెట్ల షాపు దగ్గర ముప్పావు గంట ఆపారట, టవర్ల దగ్గర ఇరవై నిమిషాలు.