కోహా లైబ్రరీ సాఫ్ట్‌వేర్: తిరుపతి కాలేజీలో మూడేళ్లు వాడాక

మూడేళ్ల కిందట ఎంఏ తెలుగు చదివే ఒక అమ్మాయి కౌంటరు దగ్గరికొచ్చి, "మేడమ్, వేంకటేశ్వర స్వామి మీద మన దగ్గర ఏమేం పుస్తకాలు ఉండాయి?" అని అడిగింది. కంప్యూటర్లో కొట్టి చూశాను. మూడు వచ్చాయి. ఆ మూడూ రాసిచ్చి పంపేశాక బీరువాల మధ్యకు వెళ్లి చూస్తే రెండు అరల నిండా ఉన్నాయి. కొండ కింద కూర్చుని, స్వామి మీద పుస్తకం అడిగిన పిల్లకు మూడే ఉన్నాయని చెప్పి పంపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ అమ్మాయిని క్లాసు నుంచి పిలిపించి అరల దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. పాత సాఫ్ట్‌వేర్‌ను వదిలించుకోవాలని గట్టిగా అనుకున్నది కూడా ఆ రోజే.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఎస్వీ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్సు చదివాను. ప్రోగ్రామింగ్ చదవలేదు. కోహా పెట్టుకోవాలా వద్దా అని నన్నడిగే తోటి లైబ్రేరియన్లకు ప్రతిసారీ ఫోన్లో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

పాత సాఫ్ట్‌వేర్ ఒక ప్రైవేటు కంపెనీది. ఏటా మెయింటెనెన్సు కట్టేవాళ్లం. అందులో తెలుగు పేర్లన్నీ డీటీపీ ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనిపిస్తాయి, లేని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. మా డేటా మాకివ్వండి అని అడిగితే నాలుగు నెలలు తిప్పారు, దానికి వేరే రేటు చెప్పారు. చివరికి ఒక ఎక్సెల్ ఫైలు వచ్చింది. మా పుస్తకాలు, మేం రాత్రింబవళ్లు కూర్చుని ఎక్కించిన వివరాలు, వాటి కోసం మేమే బతిమాలుకోవాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది.

కోహా పుట్టుక కూడా అలాంటి అవసరంలోంచే. న్యూజీలాండ్‌లో హోరోఫెనువా అనే ప్రాంతపు గ్రంథాలయాల ట్రస్టు వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు 2000 సంవత్సరం వస్తే తేదీలు తలకిందులయ్యే ప్రమాదం వచ్చింది. కొత్తది కొనడం వాళ్ల తాహతుకు మించిన పని. కటిపో అనే చిన్న సంస్థతో 1999లో సొంతంగా రాయించుకుని, 2000 జనవరి 3న వాడకంలోకి తెచ్చారు. అంతటితో ఆగకుండా కోడు మొత్తం జీపీఎల్ లైసెన్సు కింద, ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా, అందరికీ ఇచ్చేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. ఊరికే పుచ్చుకునే కానుక కాదు, ఇచ్చిపుచ్చుకునేది. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే పెళ్లి చదివింపులు. ఎవరెంత చదివించారో నోటుబుక్కులో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు మనం తిరిగి చదివిస్తాం కదా, అలాంటిది.

ఇన్‌స్టాలేషన్ గురించి ఎక్కువ చెప్పను. డెబియన్ లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం మీద ప్యాకేజీగా వస్తుంది. నాలుగు జీబీ ర్యాము ఉన్న డెస్క్‌టాప్ మా కాలేజీకి సర్వరుగా సరిపోయింది. కంప్యూటర్స్ డిపార్ట్‌మెంటులో ఫైనలియర్ కుర్రాడు ఒక శనివారం కూర్చుని పెట్టేశాడు. లైనక్స్ తెలిసిన మనిషి ఒకరు దగ్గర్లో లేకపోతే మాత్రం మొదలుపెట్టొద్దు. బ్యాకప్ రోజూ దానంతటదే తీసుకుంటుంది గానీ మామూలుగా రెండు రోజులవే ఉంచుకుంటుంది. ఆ రోజుల సంఖ్య పెంచుకోవాలి, వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇంటికి తీసుకెళ్లాలి. నేను శుక్రవారం తీస్తాను.

అసలు కథ తెలుగు దగ్గర. కోహా తెలుగును చక్కగా దాచుకుంటుంది, చక్కగా చూపిస్తుంది. కానీ పెట్టీపెట్టగానే వెతికితే దొరకదు. మేం మొదటి రోజు 50 పుస్తకాలు ఎక్కించి "తిరుమల" అని కొడితే ఒక్కటీ రాలేదు. కళ్లెదురుగా రికార్డు ఉంది, వెతుకులాటలో లేదు. కారణం జీబ్రా. కోహా వెనకాల ఉండి పుస్తకాల సూచిక తయారుచేసేది అదే. జీబ్రా మామూలుగా వాడే అక్షరాల పట్టిక యూరప్ భాషల కోసం రాసింది. మన గుణింతాలు, ఒత్తులు అందులో లేవు. వాటి దగ్గర మాట ముక్కలైపోతుంది. దీనికి మందు, అన్ని భాషల అక్షరాలూ తెలిసిన ఐసీయూ అనే పద్ధతి. జీబ్రా సెట్టింగుల ఫోల్డర్లో డిఫాల్ట్ డాట్ ఐడీఎక్స్ అనే ఫైలుంటుంది. అందులో పాత పట్టిక పేరు తీసేసి ఐసీయూ ఫైలు పేరు పెట్టాలి, తర్వాత సూచికను మొదట్నుంచీ కట్టించాలి. మొత్తం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పని తెలియక, "కోహాలో తెలుగు రాదు" అని వదిలేసిన లైబ్రరీలు నాకు తెలిసే రెండున్నాయి.

అది అయ్యాక ఇంకో చిక్కు. "నెట్‌వర్క్" అని ఒకరు కొట్టింది ఇంకొకరు కొట్టినదానికి సరిపోలేదు. తెరమీద రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి! అరగంట చూస్తే తేలింది. ట, వ కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వెయ్యవు. ఆ కనిపించని గుర్తును సూచికలోనూ వెతుకులాటలోనూ తీసెయ్యమని ఐసీయూ ఫైల్లో ఒక్క వరుస చేర్చుకున్నాం. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్లో ఈ వరుస చేర్చమని అడిగితే ఎన్నేళ్లు పట్టేదో!

ఇక పాత ఎక్సెల్ ఫైలు. ఫాంటు గందరగోళాన్ని, ఏ కంప్యూటర్లోనైనా తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చాక బయటపడింది అసలు సంగతి. స్వామి పేరు కొన్ని పుస్తకాలకు వేంకటేశ్వర, మిగతావాటికి వెంకటేశ్వర. దీర్ఘం ఒక్కటే తేడా. అందుకే ఆ అమ్మాయికి మూడే వచ్చాయి. ప్రచురణకర్తల కాలమ్ ఇంకా ఘోరం. తిరుమల తిరుపతి దేవస్థానములు, తిరుమల తిరుపతి దేవస్థానం, తి.తి.దే., టి.టి.డి., టిటిడి, టీటీడీ, ఇంగ్లీషులో రెండు రకాలు. మా లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఎక్కువ భాగం దేవస్థానం అచ్చువేసినవే, కాబట్టి ఈ ఒక్క పేరు సరిచేస్తే పావు వంతు జబ్బు నయమైనట్టే.

దీనికి ఓపెన్‌రిఫైన్ వాడాను. డేటాను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ అది. ఒకప్పుడు గూగుల్ చేతిలో ఉండేది. 2012 నుంచి ఆ పేరుతో స్వచ్ఛంద సేవకుల చేతిలో ఉంది, ఉచితం. ఒక కాలమ్‌ను ఇచ్చి గుంపులు కట్టమంటే ఒకేలాంటి పేర్లను పక్కపక్కన పెడుతుంది. మాటల వరుస మారినా, మధ్యలో కామా, చుక్క ఉన్నా పట్టుకుంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నవాటికి దగ్గరి పోలికల పద్ధతి వేరే ఉంది. వేంకటేశ్వర, వెంకటేశ్వర అందులో పట్టుబడ్డాయి. విశ్వనాథ, విశ్వనాధ కూడా. థ రాయాల్సిన చోట ధ రాయడం మనందరికీ అలవాటే కదా. ప్రతి గుంపునూ మనమే చూసి సరేననాలి, గుడ్డిగా కలపకూడదు. ఇద్దరు వేరువేరు మనుషుల పేర్లు ఒక్క అక్షరం తేడాతో ఉండొచ్చు. తి.తి.దే., టీటీడీ రెండూ ఒకటేనని మాత్రం ఏ పద్ధతీ చెప్పదు, అది తిరుపతి మనిషే చెప్పాలి. నాకు పదకొండు సాయంత్రాలు పట్టింది.

కేటలాగు రికార్డులను జడ్ 39.50 అనే, లైబ్రరీల కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి ద్వారా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి దించుకోవచ్చు. ఇంగ్లీషు పుస్తకాలకు ఇది వరం, పుస్తకం మీదుండే ఐఎస్‌బీఎన్ కొడితే చాలు. తెలుగు పుస్తకాలకు నేను దించుకున్నవన్నీ ఇంగ్లీషు అక్షరాల మీద గీతలు, కింద చుక్కలతో వచ్చాయి. మన పిల్లలు అలా వెతకరు. అందుకని రికార్డులో పుస్తకం పేరుకుండే 245 అనే గడిలో పేరును తెలుగులో కొట్టి, ఆ గీతల పేరును ఇతర పేర్లకుండే 246 గడిలోకి జరుపుతాను. రెండు రకాలుగా వెతికినా దొరుకుతుంది.

పదికి ఎనిమిదిన్నర ఇస్తాను. తగ్గిన ఒకటిన్నరలో ఒకటి లేబుళ్ల దగ్గర పోయింది. పుస్తకం వీపు మీద అంటించే లేబుల్‌ను కోహాలోనే తయారుచేసుకోవచ్చు. 894.827 అనే తెలుగు సాహిత్యపు నంబరు బాగానే పడింది. కింద రచయిత పేరులోని మొదటి అక్షరాలు తెలుగులో పెట్టాను. మా అటెండర్ మొదటి షీటు పట్టుకుని, "ఏందమ్మా ఈ డబ్బాలు, అచ్చరాలు యాడికి పొయినాయి?" అన్నాడు. వేరే ఫాంటు పెడితే డబ్బాలు పోయాయి గానీ ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. ఇప్పుడు వివరాలు బయటికి తీసుకుని లిబ్రేఆఫీస్‌లో ప్రింటు తీస్తున్నాం. పని జరుగుతోంది, కానీ ఇది సాఫ్ట్‌వేర్ చెయ్యాల్సిన పని. మిగతా అర మార్కు అప్‌డేట్ల కంగారుకు. ఏటా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి కొత్త వెర్షన్ వస్తుంది. పరీక్షల సమయంలో మాత్రం దాని జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు కోహాలో నాకు అన్నిటికన్నా నచ్చిన పేజీ. సిబ్బంది వైపు లాగిన్ అయ్యాక "కోహా గురించి" అనే చోట టైమ్‌లైన్ అని ఒక ట్యాబు ఉంటుంది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ టీముకు వెర్షన్ నంబరు చూపించడానికి ఆ పేజీ తెరిచి, పొరపాటున దాన్ని నొక్కాను. 1999 నుంచి తేదీలవారీగా రాసుకుంటూ వచ్చారు. ఫలానా రోజు ఫలానా వెర్షన్ విడుదల, ఫలానా రోజు ఫలానా మనిషి, కోడు కోహాలో చేరిన ఇన్నో డెవలపర్ అయ్యారు అని వరుస నంబరుతో సహా. మధ్యమధ్యలో డెవలపర్ల ఇళ్లలో బిడ్డలు పుట్టిన తేదీలు! ఆ రోజు కాఫీ చల్లారిపోయేదాకా చదివాను. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ లోపల ఒక కుటుంబపు పంచాంగం ఉంటుందని నేనెప్పుడూ ఊహించలేదు.

ఆ మనుషుల పద్ధతి కూడా పట్టింపు ఉన్న పద్ధతి. ఎవరైనా ఒక సవరణ రాస్తే రాసినవాళ్లే బాగుందనుకుంటే కుదరదు. వేరే మనిషి పరీక్షించి సైన్ ఆఫ్ చెయ్యాలి. తర్వాత నాణ్యత చూసే బృందం ఇంకోసారి చూడాలి. ఆపైన ఆ వెర్షన్ బాధ్యత తీసుకున్న మేనేజరు చేర్చాలి. కోహాకు మొదటి కోడు రాసిన క్రిస్ కార్మాక్ రాసినా ఇదే దారి. ఆ పరీక్షించే మనిషికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. శాండ్‌బాక్స్ అని ఉంటుంది, బ్రౌజర్లోనే సవరణతో కూడిన కోహా తెరుచుకుంటుంది. చెప్పిన మెట్లు ఒక్కొక్కటీ చేసి చూసి, సరిగ్గా పనిచేస్తే చేసిందని రాయాలి. నిరుడు దసరా సెలవుల్లో రసీదు ప్రింటుకు సంబంధించిన ఒక చిన్న సవరణను నేను అలా పరీక్షించాను. మూడుసార్లు చేసి చూశాకే సైన్ ఆఫ్ చేశాను. తర్వాతి విడుదల పత్రంలో, పరీక్షించినవాళ్ల జాబితాలో, నా పేరు ఉంది. పక్కన 1 అని అంకె. మా ఆయన దాన్ని ప్రింటు తీయించి తెచ్చాడు. అది నా టేబుల్ అద్దం కింద ఉంది.

ఈ విషయంలో నాకొక దిగులుంది. కోహా వాడేవాళ్లు ఏటా ఒక దేశంలో పెద్ద సమావేశం పెట్టుకుంటారు. 2011లో అది మన దేశంలోనే, ఠాణేలో జరిగింది. అంత దగ్గరికి వచ్చి వెళ్లినా మన జిల్లాల్లో కోహా వాడేవాళ్లలో చాలామంది డౌన్‌లోడ్ దగ్గరే ఆగిపోయాం. తెలుగు వెతుకులాటకు నేను పడిన తంటా నాకన్నా ముందు ఎవరో ఒకరు పడే ఉంటారు. పరిష్కారం రాసి పెట్టుంటే నాకు మూడు వారాలు మిగిలేవి. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. అయ్యంకి వెంకటరమణయ్య గారి తరం ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించింది. మనకు పంచుకోవడం ఒకరు నేర్పించాల్సిన పని కాదు, చదివింపుల నోటుబుక్కులో మన పేరు పక్కన కూడా ఏదో ఒకటి రాయాలంతే.

పోయిన నెల పుత్తూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల కాలేజీలో కోహా కొత్తగా పెట్టుకున్నారు. "అక్కా, తెలుగులో కొడితే ఒక్కటీ రాలేదక్కా, మీకు వస్తా ఉందా?" అన్నాడు. ఫోన్లో చెప్తుంటే చుక్కలూ గీతలూ తప్పుతున్నాయి, దాంతో ఆదివారం రైలెక్కి వచ్చాడు. బాలాజీ కాలనీలో టీ తాగి, లైబ్రరీలో కూర్చుని, అతని లాప్‌టాప్‌లో మార్చాం. సూచిక కట్టడం అయిపోయాక అతను మొదట కొట్టిన మాట "పుత్తూరు". రెండు పుస్తకాలొచ్చాయి.

కనిపించని గుర్తు తీసేసే వరుసతో సహా ఆ ఐసీయూ ఫైలు, దేవస్థానం పేర్ల జాబితా నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. లేబుళ్ల సంగతి, కోహా లోపాలు నమోదుచేసే బగ్‌జిల్లాలో రాయడానికి డబ్బాల షీటును, ఒత్తులు విడిపోయిన షీటును స్కాన్ చేసి పెట్టాను. ఇంకో రెండు లైబ్రరీల షీట్లు కూడా జతచేస్తే బాగుంటుంది. మీ దగ్గరా ఇదే జరుగుతుంటే ఒక షీటు తీసి ఉంచండి, పారెయ్యొద్దు.