గైడ్‌కి 75 పౌండ్లు, గడియారానికి 5

ఆక్స్‌ఫర్డ్‌లో మధ్యయుగపు పండితుల పేరు చెప్పి వాకింగ్ టూర్ అమ్మేవాళ్లు మీకూ తగలొచ్చు. డబ్బు కట్టేముందు ఆ పండితుల్లో ఇద్దరి పేర్లు చెప్పమని అడగండి. మాకు మనిషికి 25 పౌండ్లు, ముగ్గురికి 75 పడింది. మన డబ్బుల్లో ఎనిమిది వేలకు పైమాటే. రెండు గంటల టూర్‌లో గంటన్నర సినిమా షూటింగులు జరిగిన మెట్లూ, భోజనాల హాళ్లూ చూపించారు. మామగారు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన ఉండబట్టలేక, ఆ పండితుల్లో ఒకడైన బ్రాడ్‌వర్డీన్ గురించి అడిగారు. గైడ్ నవ్వి, "గ్రేట్ క్వశ్చన్" అని పక్క సందులోకి నడిచాడు! తర్వాత కంపెనీకి మెయిల్ పెడితే, టూర్‌లో ఏం చూపించాలనేది గైడ్ ఇష్టమేనని జవాబొచ్చింది.

బస కూడా అలాగే ఏడిసింది. రాత్రికి 128 పౌండ్లు. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, బాత్‌రూమ్ వరండా చివర. రాత్రి పదికల్లా హీటర్లు కట్టేశారు. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కలేక మామగారు సాయంత్రం బయటికి రావడమే మానేశారు. మా ఆవిడకు ఆ కోపమంతా నా మీదే.

మెర్టన్ కాలేజీకి మర్నాడు మేమే వెళ్లాం. 1264లో పెట్టిన కాలేజీ. 14వ శతాబ్దంలో బ్రాడ్‌వర్డీన్, హేట్స్‌బరీ, స్వైన్స్‌హెడ్, డంబుల్టన్ ఇక్కడివాళ్లే. చలనాన్ని లెక్కల్లో పెట్టాలని కూర్చున్న బృందం అది. మామగారు గేటు దగ్గరే పాఠం మొదలెట్టారు. "అల్లుడుగారూ, ఆగి ఉన్న బస్సు సమానంగా వేగం పెంచుకుంటూ గంటకు 60 కిలోమీటర్లు అందుకుందనుకోండి. ఆ సేపట్లో అది పోయిన దూరమూ, 30 మీద నిలకడగా పోతే వచ్చే దూరమూ ఒకటే. గెలీలియో కంటే రెండు వందల ఏళ్లకు పైగా ముందు చెప్పారు వీళ్లు." బ్రాడ్‌వర్డీన్ 1349లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయి, ఆ ఏడే ప్లేగుతో పోయాడు.

వైద్యుడు జాన్ ఆఫ్ గాడెస్‌డెన్‌దీ ఈ కాలేజీయే. రాజుగారి అబ్బాయికి మశూచి వస్తే మంచం చుట్టూ అన్నీ ఎర్రగుడ్డలే కట్టించి నయం చేశానని రాసుకున్నాడు. ఈ కథ మా ఆవిడకు బాగా నచ్చింది. కాలేజీ తెరిచే వేళలు మారుతుంటాయి, చూసుకుని వెళ్లండి.

తర్వాత ఆవిడ షాపింగ్‌కి వెస్ట్‌గేట్ అంది. మధ్యయుగపు పండితుడు రోజర్ బేకన్ ఉన్న ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ సన్యాసుల మఠం పునాదులు ఆ మాల్ కిందే బయటపడ్డాయి కాబట్టి మామగారూ గొణక్కుండా వచ్చారు.

బ్రాడ్ స్ట్రీట్‌లోని హిస్టరీ ఆఫ్ సైన్స్ మ్యూజియం మాత్రం వదలకండి. టికెట్ లేదు. నక్షత్రాల ఎత్తు కొలిచే ఇత్తడి ఆస్ట్రోలేబులు అద్దాల బీరువాల నిండా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బాత్ ఊరి పండితుడు అడెలార్డ్ 1126 ప్రాంతంలో బాగ్దాద్ గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ ఖగోళ పట్టికలను అరబిక్ నుంచి లాటిన్‌లోకి దించాడు. ఆ పట్టికల మూలాలు మన ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లో ఉన్నాయని మామగారు అక్కడున్న వాచ్‌మన్‌కి కూడా చెప్పారు. 75 పౌండ్ల గైడ్ కంటే ఆ వాచ్‌మన్ ఓపిగ్గా విన్నాడు.

అసలు సంతోషం సెయింట్ ఆల్బన్స్‌లో దొరికింది. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు. కెథడ్రల్‌లోకి టికెట్ లేదు, హుండీలో ముగ్గురికీ కలిపి 5 పౌండ్లు వేశాం. లోపల రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ గడియారానికి కట్టిన నమూనా ఉంది. ఈ రిచర్డ్ కమ్మరి కొడుకు, పదేళ్లకే అనాథ. మఠం పెద్ద ఒకాయన చేరదీసి ఆక్స్‌ఫర్డ్‌లో చదివించాడు. ఈ కెథడ్రల్ అప్పట్లో మఠం, 1327లో దానికి అధిపతి అయ్యాడు. చంద్రకళలు, గ్రహణాలు, లండన్ బ్రిడ్జి దగ్గర ఆటుపోట్లు కూడా చూపించే గడియారం మొదలెట్టి, కుష్ఠురోగంతో 1336లో పోయాడు. అది పూర్తయ్యేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1539లో మఠం మూసేశాక అసలు గడియారం పోయింది.

అక్కడ ఉచితంగా చూపించే పెద్దాయన ఒకరు ముప్పావుగంట మాతోనే ఉన్నారు. మామగారికి కుర్చీ తెచ్చిపెట్టి, పళ్లచక్రాలు ఒక్కొక్కటీ చూపించారు. చర్చి కూలిపోతుంటే గడియారమేమిటని మూడో ఎడ్వర్డ్ రాజు అడిగాడట. చర్చి నా తర్వాత ఎవరైనా బాగుచేస్తారు, ఇది మాత్రం నేనే చెయ్యాలని రిచర్డ్ జవాబు.

ఆ పెద్దాయనే ఇంకో సంగతీ దాచకుండా చెప్పారు. అప్పట్లో ఊళ్లోవాళ్లు పిండి మఠం మిల్లులోనే ఆడించుకోవాలి, డబ్బు కట్టి. ఇళ్లలో తిరగళ్లు పెట్టుకున్నారని రిచర్డ్ వాటిని లాక్కుని మఠంలో నేలకు పరిపించాడు. 1381 రైతుల తిరుగుబాటులో జనం వచ్చి ఆ నేల పగలగొట్టి, ముక్కలు ప్రసాదంలా పంచుకున్నారు.

దాంతో మా ఆవిడ రిచర్డ్‌కి పూర్తిగా ఎదురు తిరిగింది. "ఎంత లెక్కలొస్తే మాత్రం, ఆడవాళ్ల తిరగళ్లు లాక్కునేవాడు ఏం మనిషి నాన్నా?" అంది. అప్పటి చట్టమే అలా ఉందని మామగారు. టీ 3 పౌండ్ల 20, సూప్ 7 పౌండ్ల 50 పెట్టి తాగుతూ ఇద్దరూ వాదించుకున్నారు, రైలెక్కినా తెగలేదు. సూప్ బాగుంది. ఆక్స్‌ఫర్డ్‌కి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయండి, రాత్రి బస మాత్రం సెయింట్ ఆల్బన్స్‌లో పెట్టుకోండి.