ఎస్పీ రోడ్డులో హార్డ్ డిస్క్ వైప్ చేయిస్తున్నారా? డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి

పాత సిస్టమ్ అమ్మేముందు డేటా తుడిపించుకుందామని కంప్యూటర్ షాపులుండే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్ళే మనవాళ్ళు కాస్త చూసుకోండి. అక్కడ ఒక షాపులో 1 టీబీ హార్డ్ డిస్క్ వైప్ చేయమని ఇచ్చాను. ఐదొందలు తీసుకుని, "టీ తాగి రండి సార్, దేవుడు దిగొచ్చినా డేటా రాదు" అన్నాడు, చక్కటి తెలుగులో.

అనుమానం ఆ టీ దగ్గరే మొదలైంది. 1 టీబీ అంటే పది లక్షల ఎంబీ. సెకనుకు 150 ఎంబీ చొప్పున రాసినా డిస్క్ మొత్తం నిండడానికి రెండు గంటలు పడుతుంది. టీ తాగేలోపు అయ్యేది క్విక్ ఫార్మాటే. అది ఫైళ్ళ చిట్టాను చెరుపుతుంది, అసలు డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. పాస్‌బుక్ చింపేస్తే అప్పు తీరిపోతుందా?

ఇంటికొచ్చి ఫోటోరెక్ నడిపాను. చెరిపేసిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, ఎవరైనా వాడొచ్చు. పేర్లు పోయి, 'ఎఫ్' పక్కన పొడుగాటి అంకెలతో ఫైళ్ళు వరసగా వచ్చి పడ్డాయి. తెరిస్తే నాన్నగారి పెన్షన్ కాగితాలు, చెల్లి ఓణీల ఫంక్షన్ ఫోటోలు, నా పాన్ కార్డు స్కాన్!

వెళ్ళి చూపిస్తే, "ఇంకో మూడొందలివ్వండి, 35 సార్లు తుడిచే మిలిటరీ వైప్ చేస్తా, సాయంత్రానికి తీసుకెళ్ళండి" అన్నాడు. 35 సార్లు నిజంగా తుడిస్తే రెండు రోజులు దాటుతుంది. అసలు ఆ లెక్క కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ గట్‌మన్ 1996లో రాసిన పేపర్‌లోది, అప్పటి డిస్కుల కోసం. ఇప్పటి హార్డ్ డిస్క్‌ను మొత్తం ఒక్కసారి సున్నాలతో నింపితే సాధారణంగా సరిపోతుందని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లోనే చెప్పింది. విండోస్‌తోపాటే వచ్చే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో 'క్లీన్ ఆల్' కొడితే జరిగేది అదే. ఉత్త 'క్లీన్' కాదు. డిస్క్ నంబరు మాత్రం రెండుసార్లు చూసుకోండి, తప్పు నంబరు కొడితే ఇంట్లో వాడుకునే డిస్క్ ఖాళీ అవుతుంది.

తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. మనం ఎన్నిసార్లు తిరగరాసినా దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ కొత్త డేటాను వేరే చోట రాస్తుంది, పాత ముక్కలు అదనపు సెల్స్‌లో మిగిలిపోవచ్చు. దానికి కంపెనీ టూల్‌లోనో బయోస్‌లోనో (సిస్టమ్ ఆన్ చేయగానే వచ్చే సెట్టింగ్స్) ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అది నిమిషాల్లో అయిపోయినా టెన్షన్ అక్కర్లేదు.

డబ్బు వెనక్కి అడిగితే "బిల్లుందా సార్?" అన్నాడు. ఇవ్వని బిల్లు ఎక్కణ్ణుంచి తేవాలి? షాపులో చేయించక తప్పదనుకునేవాళ్ళు వాళ్ళ ఎదుటే ఫోటోరెక్ పది నిమిషాలు నడపండి. ఒక్క ఫోటో బయటపడినా పైసా ఇవ్వకుండా డిస్క్ తీసుకుని వచ్చేయండి.