పక్కవాద్యం వాయించే ఆడవాళ్లకి ఆన్‌లైన్ గ్రూపులు పనికొస్తాయా?

నేను కర్ణాటక సంగీత కచేరీల్లో పాడేవాళ్లకి పక్కన వయొలిన్ వాయిస్తాను. ఊరు తెనాలి, ఉండేది చెన్నై మైలాపూర్. 2020 లాక్‌డౌన్‌లో కచేరీలు పెట్టే సభలన్నీ మూతపడ్డప్పుడు సంగీతం చేసే ఆడవాళ్ల గ్రూపులు మూడింట్లో చేరాను. అన్నిట్లోనూ ఇప్పటికీ ఉన్నాను. వాటిలో వాట్సాప్‌లో ఉన్న చెన్నై గ్రూపే నాకు పని ఇప్పించింది.

ఏ సభ పక్కవాద్యానికి ఎంత ఇస్తుంది, ఆ డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది, రాత్రి కచేరీ అయ్యాక ఇంటిదాకా దింపుతారా? మగవాళ్లకి ఇవన్నీ సభ క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ తెలిసిపోతాయి. మాకు ఆ కబుర్లు ఇక్కడే. ఒక స్టూడియో నాకు రికార్డింగ్ డబ్బు నెలల తరబడి తిప్పింది. గ్రూపులో అడిగితే ఇంకో ఇద్దరికీ బాకీ ఉందని తేలింది. ముగ్గురం ఒకే రోజు మెసేజ్ పెట్టాం, వారం తిరక్కుండా డబ్బు పడింది. 2012 కాపీరైట్ చట్ట సవరణతో పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ రాయల్టీ హక్కు వచ్చిందని కూడా అక్కడే విన్నాను. మా గురువుగారు రాగాలు చెప్పారు గానీ ఇది చెప్పలేదు!

వీడియోలు పెడితే ఒరిగేది తక్కువ. అందరూ పెడతారు, చప్పట్ల బొమ్మలు పడతాయి, అంతే. నాకు కలిసొచ్చింది తెలుగు. త్యాగరాజ కీర్తనలు పాడే తమిళ అమ్మాయిలు మాట ఎక్కడ విరవాలని అడిగితే వాయిస్ మెసేజ్‌లో చదివి పంపేదాన్ని. అలా పరిచయమైన ఒకావిడ చెన్నైలో డిసెంబర్ కచేరీల సీజన్‌లో మధ్యాహ్నం కచేరీకి నన్ను పిలిచింది. నా వీడియో ఒక్కటీ చూడలేదట.

ఆడవాళ్లతో కలిసి వాయించడానికి మగ విద్వాంసులు వెనకాడిన కాలంలో ఘటం వాయించే సుకన్యా రాంగోపాల్ 1995లో 'స్త్రీ తాళ్ తరంగ్' అని ఆడవాళ్ల బృందమే పెట్టారు. ఇప్పుడు 'ఫలానా తేదీకి మృదంగం కావాలి' అని ఒక్క మెసేజ్ పెడితే సాయంత్రానికి బృందం తయారు. కాకపోతే పేరున్న మగ గాయకుల పిలుపులు ఈ దారిన రావు. అవి ఇంకా మగవాళ్ల ఫోన్లలోనే తిరుగుతున్నాయి.

మిగతా రెండిట్లో ఒకటి షీసెడ్‌సో, సంగీత రంగంలో పనిచేసే ఆడవాళ్ల నెట్‌వర్క్. 2014లో మొదలై చాలా దేశాలకి పాకింది. లేబుళ్లలో, మేనేజ్‌మెంట్‌లో పనిచేసేవాళ్లకి బాగుంటుంది. అక్కడ పక్కవాద్యమంటే ఏమిటో నేనే చెప్పాల్సొచ్చింది. మూడోది ఫేస్‌బుక్ గ్రూపు, అందులో వర్క్‌షాప్ ప్రకటనలు తప్ప ఏమీ లేవు, మ్యూట్‌లో పెట్టేశాను.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. 2018లో లైంగిక వేధింపుల మీద మీటూ ఆరోపణలు బయటికొచ్చి చెన్నై మ్యూజిక్ అకాడమీ ఆ సీజన్‌కి కొందరు కళాకారులను తప్పించింది. 'ఫలానా ఇంటికి రిహార్సల్‌కి ఒంటరిగా వెళ్లొద్దు' అనే హెచ్చరికలు మా గ్రూపులోనూ వస్తుండేవి. ఒకసారి ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఆ మనిషికే పంపారు. రాసిన అమ్మాయికి ఎంత టెన్షనో! అందుకే అలాంటివి ఇప్పుడు ఫోన్‌లోనే చెప్పుకుంటున్నాం, కొత్తవాళ్లు చేరాలంటే లోపలివాళ్లు ఇద్దరు పూచీ ఉండాలి.