మిరపకాయలకు అడ్వాన్స్ అడిగే మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి

అందరికీ నమస్కారం. విజయవాడలో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, కాలనీ గ్రూపుల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఇది చివరిదాకా చదవండి. ఆవకాయ రోజులు దగ్గరపడ్డాయి. మా కాలనీలో జరిగింది ఇంకో నాలుగు కాలనీల్లో జరగకముందే చెప్పాలని రాస్తున్నాను.

మాది సింగ్‌నగర్ వైపు. మా వాట్సాప్ గ్రూపు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు పుట్టింది. పాల ప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారు, పడవ ఏ వీధి దాకా వచ్చింది, మందులు కావాల్సిన పెద్దవాళ్లు ఎవరింట్లో ఉన్నారు, ఇవన్నీ అందులోనే తెలిసేవి. అందుకే దాని లింకు దొరికిన ప్రతిచోటా పెట్టాం. అప్పుడు అది ఎంతోమందికి అక్కరకొచ్చింది. నీళ్లు పోయాక కూడా గ్రూపు అలాగే ఉండిపోయింది. పాత మంచాలు, పిల్లల సైకిళ్లు, అద్దె ఇళ్లు, పచ్చళ్లు అన్నీ అందులోనే కొనుక్కునేవాళ్లం. ఎవరికీ ఎవరి మీదా అనుమానం ఉండేది కాదు. ఆనాటి లింకు మాత్రం ఇన్నాళ్లూ తెరిచే ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో ఈ రోజే దింపిన సరుకు, 334 రకం, తొడిమ తీసిన కాయ, తాలు లేదు, పది కిలోలు తీసుకుంటే ఇంటికే తెచ్చిస్తాం, సగం అడ్వాన్స్. ప్రొఫైల్ ఫొటోలో కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మధ్య నిలబడ్డ మనిషి. ఐదు నిమిషాల్లోనే ఇద్దరు జవాబిచ్చారు. "పోయినేడు మేం తీసుకున్నాం, కాయ చాలా బాగుంది" అని ఒకరు, "నాకు ఇరవై కిలోలు రాసుకోండి అన్నయ్యా" అని ఇంకొకరు. నేను నమ్మింది ఆ అమ్మేవాడిని కాదు, ఈ ఇద్దరినీ. మన కాలనీ వాళ్లే కదా అనుకున్నాను.

పది కిలోలు కావాలన్నాను. వెంటనే విడిగా మెసేజ్ పెట్టాడు. అక్కా అక్కా అంటూ చాలా మర్యాదగా మాట్లాడాడు. 1,500 పంపాను. మర్నాడు ఉదయం ఫోన్ చేసి, బండి కాజ టోల్‌ప్లాజా దగ్గర ఆగిపోయింది, మార్కెట్ సెస్సు కట్టాలట, అందరి దగ్గరా తలా 1,200 తీసుకుంటున్నాం, సరుకు ఇచ్చేటప్పుడు బిల్లులో తగ్గించుకుందాం అన్నాడు. కాజ టోల్‌గేటు గుంటూరు నుంచి వచ్చే దారిలో ఉన్నదే కాబట్టి అనుమానం రాలేదు. అదీ పంపాను. సాయంత్రానికి సరుకు తడిసిపోయింది, మీ డబ్బు తిరిగి ఇచ్చేస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అన్నాడు. స్కాన్ చేస్తే 2,700 అని కనిపించింది, కింద పిన్ అడిగింది. పక్కనే ఉన్న మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లకు, పనిలోకి వచ్చే అమ్మాయికి, వాచ్‌మన్‌కి కూడా చెప్పండి.

ఆ రాత్రి మా అత్తయ్యకు వాడు పంపిన ఫొటో చూపించాను. చూడగానే, "ఇది 334 కాదమ్మాయ్. ఒళ్లంతా ముడతలే, ముదురు ఎరుపు, ఇది బ్యాడిగి కాయ. రంగుకి వేస్తారు గానీ దీన్లో ఘాటు ఉండదు" అంది. ఆమెకు ముందే చూపించి ఉంటే అక్కడితో ఆగిపోయేది. తెలిసుండీ నేను పట్టించుకోనివి ఇంకా ఉన్నాయి. ఆదివారం యార్డుకు సెలవు. యార్డులో కాయ టిక్కీల (బస్తాల) లెక్కన, క్వింటా ధర మీద పోతుంది. మనలాంటి వాళ్లకు పదేసి కిలోలు తూచి ఇళ్లకు పంపడం అక్కడి పద్ధతి కాదు.

తర్వాత గ్రూపులో పైకి వెళ్లి చూశాం. అమ్మేవాడి నంబరు, మెచ్చుకున్న రెండు నంబర్లు, మూడూ అదే రోజు ఉదయం పది నిమిషాల తేడాతో లింకు ద్వారా చేరాయి. ఫలానా నంబరు లింకు ద్వారా చేరింది అని చాట్‌లోనే చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది, మనం చదవం. గ్రూపులో చేరగానే మన నంబర్లన్నీ వాళ్లకు కనిపిస్తాయి. అందుకే ఎవరు ఏం అడిగారో చూసుకుని ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్‌లు పెట్టారు. మొత్తం తొమ్మిది ఇళ్ల వాళ్లం డబ్బు పంపాం. అందులో ఒకావిడ కొడుకు పెళ్లికి పెట్టే పచ్చళ్ల కోసమని నా కంటే చాలా ఎక్కువే పంపింది. ఇంట్లో ఏమంటారోనని భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మీలో అలాంటివాళ్లు ఉంటే దయచేసి దాచుకోకండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళ్లిపోతుంది.

విషయం బయటపడ్డాక మేం చేసిన తప్పులు కూడా చెబుతాను. గ్రూపులో అందరం వాణ్ని తిట్టడం మొదలుపెట్టాం. వాడికి దానివల్ల ఏమీ కాలేదు, ఎవరెవరు మెసేజ్‌లు చూస్తున్నారో తెలిసిపోయింది. ఆ వారమంతా మాకు షేర్ మార్కెట్ టిప్స్, ఇంట్లో కూర్చుని సంపాదన, చలానా పేరుతో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) వరసగా వచ్చాయి. ఆ ఏపీకే ఫైలు నొక్కితే ఫోనే వాళ్ల చేతుల్లోకి పోవచ్చు, అస్సలు తెరవకండి. మా అడ్మిన్ బాబాయిగారు మంచి మనసుతోనే ఆ నంబర్లను తీసేసి మెసేజ్‌లన్నీ డిలీట్ చేశారు. దాంతో స్క్రీన్‌షాట్ తీయని వాళ్ల దగ్గర గ్రూపులో పెట్టిన మెసేజ్ ఆధారంగా మిగల్లేదు. లింకు మార్చలేదు కాబట్టి వాడు వేరే నంబరుతో మర్నాడే మళ్లీ వచ్చాడు, ఈసారి నూజివీడు రసాలు అంటూ. మనిషిని తీసేసి లింకు అలాగే ఉంచితే ఉపయోగం లేదు. అడ్మిన్లు ఆ లింకును రీసెట్ చేయాలి. కొత్తగా చేరేవాళ్లను అడ్మిన్ ఒప్పుకుంటేనే రానిచ్చే సెట్టింగ్ కూడా అందులోనే ఉంది, అది పెట్టాలి. మేం ఇప్పుడు పెట్టాం. చేరాలనుకునేవాళ్లు ఏ బ్లాకు, ఏ ఫ్లాటు చెప్పాలి, ఆ బ్లాకులో ఒకరు అవునన్నాకే అనుమతి.

స్పామ్ మెసేజ్ కనిపిస్తే ముందు నంబరుతో సహా స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాత రిపోర్ట్ కొట్టండి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. రిపోర్ట్ చేసినప్పుడు ఆ నంబరు నుంచి మనకు వచ్చిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కు వెళ్తాయి, కాబట్టి ఒక్కరు కాదు, గ్రూపులో పదిమంది చేయాలి. నలుగురినీ హెచ్చరించాలని ఆ మెసేజ్‌నే ఫార్వర్డ్ చేయకండి. కింద మనం రాసిన మాట పోయి, వాడి లింకు మాత్రం ఊరంతా తిరుగుతుంది. డబ్బు ఇంకా పోలేదు గానీ అనుమానంగా ఉంది అంటే కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో చక్షు అనే విభాగం ఉంది, అక్కడ చెప్పండి. ఫోన్ కాల్స్‌తో, ఎస్ఎంఎస్‌లతో విసిగించే ప్రకటనల వాళ్ల మీద అయితే 1909కి ఫిర్యాదు చేయండి.

డబ్బు పోయిందా, ఇవేవీ ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చేసేముందు యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిచి పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య), తేదీ, సమయం రాసి పెట్టుకోండి, అవే అడుగుతారు. నేను రెండోసారి పంపిన 1,200 ఆ ఖాతాలోనే ఆపగలిగారని మెసేజ్ వచ్చింది, చేతికి ఇంకా రాలేదు. మొదటి 1,500 అప్పటికే దాటిపోయింది. రెండింటికీ మధ్య తేడా ఒక్క రోజు.

మిరపకాయలు నిన్న వన్‌టౌన్ వెళ్లి చేత్తో విరిచి, వాసన చూసి తెచ్చుకున్నాను. గ్రూపులో కొనడం మానేయమని నేను అనను. మా వీధిలోనే పచ్చళ్లు అమ్ముకుని ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు ఉన్నారు, వీడి వల్ల వాళ్ల బేరం కూడా పోతోంది, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. వాళ్ల ఇల్లు మనకు తెలుసు, సరుకు చూసి తీసుకుని డబ్బు ఇవ్వొచ్చు. ఇల్లు తెలియని మనిషికి మాత్రం అడ్వాన్స్ వద్దు.

ఇదే మిరపకాయల మెసేజ్‌కు డబ్బు పంపినవాళ్లు మీ గ్రూపులో ఎవరైనా ఉంటే యూటీఆర్ నంబర్లు, స్క్రీన్‌షాట్లు తీసుకుని నాకు విడిగా చెప్పండి. సోమవారం ఉదయం మేం తొమ్మిదిమందిమి సైబర్ క్రైమ్ పోలీసు స్టేషన్‌కు వెళ్తున్నాం, కలిసి వెళ్దాం.