బల్లారట్, బెండిగో, బీచ్‌వర్త్: అమ్మానాన్నలకు ఏ బంగారు ఊరు చూపించాలి?

మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే వచ్చే సందేహం ఇది. ఈ మూడూ మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, 1850ల్లో బంగారం కోసం జనం ఎగబడిన ఊళ్లు. నన్ను చాలామంది అడుగుతున్నారు కాబట్టి నా అభిప్రాయం చెప్తాను.

వెంట చిన్నపిల్లలుంటే ఆలోచించక్కర్లేదు, బల్లారట్ వెళ్లండి. అక్కడి సావరిన్ హిల్ 1970లో తెరిచిన ఆరుబయట మ్యూజియం. 1850ల నాటి ఊరిని మళ్లీ కట్టి చూపిస్తారు. గుర్రపు బళ్లు తిరుగుతుంటాయి, కరిగిన బంగారాన్ని అచ్చులో పోస్తారు, వాగులో పళ్లెంతో ఇసుక కడిగితే బంగారు రేణువులు దొరుకుతాయి. పిల్లలు ఆ వాగు దగ్గర్నుంచి కదలరు. కాకపోతే అంతా ఎత్తుపల్లాల నేల, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కాస్త కష్టం.

నిజమైన గనిలోకి దిగాలంటే బెండిగో. సెంట్రల్ డెబోరా గనిలో 1939 నుంచి 1954 వరకు బంగారం తవ్వారు. లోతు నాలుగు వందల మీటర్ల పైమాటే. తలకు దీపమున్న హెల్మెట్ పెట్టి, లిఫ్టులో 61 మీటర్ల కిందికి తీసుకెళ్లే టూర్ ఉంది. చిత్తూరు వైపు కుటుంబాల్లో కోలార్ గనుల్లో పనిచేసిన తాతల కథలు వింటూ పెరిగినవాళ్లు ఉంటారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. అలాంటి కథలు విన్నవాళ్లకు బెండిగో గనిలో ఆ చీకటి, ఆ తేమ వెంటనే అర్థమవుతాయి. మూసిన చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్లను మాత్రం దింపకండి.

అయినా నన్నడిగితే బీచ్‌వర్త్ అంటాను. ఇక్కడ 1852లో బంగారం దొరికింది. ఆ డబ్బుతో తేనెరంగు గ్రానైట్ రాయితో కట్టిన భవనాలు ఇంకా వాటి చోటే ఉన్నాయి, వాటి మధ్యే జనం కాపురాలు చేస్తున్నారు. 1880 ఆగస్టులో పేరుమోసిన బందిపోటు నెడ్ కెల్లీని విచారణకు నిలబెట్టిన కోర్టు గదిలో మీరూ నిలబడొచ్చు.

నా మొగ్గుకు అసలు కారణం మాత్రం ఊరి శ్మశానం. అక్కడ చైనా గని కూలీల సమాధులున్నాయి, పక్కనే రెండు చిన్న గోపురాలు. చనిపోయినవాళ్ల కోసం కాగితాలు, కానుకలు వాటిలో కాల్చేవారు. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా పది పౌండ్ల పన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులకు చేరారు. పొట్టకూటికి దేశం దాటి వచ్చినవాళ్లం మనం. ఈ దేశంలో మనకంటే ముందు అలా వచ్చినవాళ్ల కథ అమ్మానాన్నలకు చెప్పడానికి ఇంతకంటే సరైన చోటు నాకు కనిపించలేదు. బెండిగోలో గోల్డెన్ డ్రాగన్ మ్యూజియం కూడా చూడదగ్గదే, చైనీయుల పండుగ ఊరేగింపుల్లో తిప్పిన 1901 నాటి డ్రాగన్ బొమ్మ లూంగ్ అక్కడే ఉంది. కానీ అక్కడ చూసేది పండుగ ముఖం. బీచ్‌వర్త్‌లో ఆ మనుషులే మట్టిలో ఉన్నారు.

వైన్ సంగతికొస్తే, బీచ్‌వర్త్ షార్డొనే అనే తెల్ల వైన్‌కు పేరు. దగ్గర్లోని రూథర్‌గ్లెన్‌లో తియ్యటి మస్కట్ వైన్ దొరుకుతుంది, ఇష్టమున్నవాళ్లు పూట గడపొచ్చు. బెండిగో దారిలో వెళ్లేవాళ్లకు హీత్‌కోట్ ఊరి షిరాజ్ అనే ఎర్ర వైన్ ఉంది. వైన్ ముట్టని పెద్దలకు బీచ్‌వర్త్ దగ్గర్లోని మిలావా ఊళ్లో చీజ్ చాలు.

బల్లారట్, బెండిగోలకు మెల్‌బోర్న్‌లోని సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. బీచ్‌వర్త్ కారులో ఒకవైపే దాదాపు మూడు గంటలు, కాబట్టి రాత్రి అక్కడే ఉండండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే చెట్ల ఆకులన్నీ రంగు మారి ఉంటాయి. డ్రైవింగ్ చేసేది ఎవరో ముందే అనుకోండి. రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.05 శాతం, పీ ప్లేట్ (కొత్త డ్రైవర్ల తాత్కాలిక లైసెన్సు) మీదున్నవాళ్లకు సున్నా.